ఏడో పోర్టు: తప్పు దొరికింది

దొరికింది! పదకొండు రోజులు నాకు నిద్ర లేకుండా చేసిన, మా ఇంటి నెట్‌వర్క్ స్విచ్‌లోని ఏడో పోర్టు నిన్న సాయంత్రం నుంచి ఒక్కసారీ పడిపోలేదు.

ఇంటి నెట్‌వర్క్‌ను వీల్యాన్‌లుగా, అంటే ఒకే స్విచ్ మీద విడివిడి నెట్‌వర్క్‌లుగా, విభజించడం పూర్తయింది, బాగానే నడుస్తోంది. ఏడో పోర్టు కథే వేరు. దానికి తగిలించింది పై గదిలోని స్టోరేజి సర్వరు. మధ్యలో 18 మీటర్ల కేబుల్. లింకు రోజుకు పది పదిహేనుసార్లు పడి లేచేది. రెండు మూడు రోజులకోసారి పోర్టే మూతపడేది. నాది సిస్కో స్విచ్. 10 సెకన్లలో 5 సార్లు లింకు ఊగితే పోర్టును ఎర్-డిసేబుల్డ్ చేసి, అంటే తప్పు జరిగిందని మూసేసి, కారణం లాగ్‌లో రాస్తుంది. ఆ పద్ధతి నాకు చాలా ఇష్టం. 300 సెకన్లకు దానంతటదే తెరుచుకునేలా రికవరీ పెట్టుకోవచ్చు కానీ, కారణం తేలకముందే పెట్టడానికి మనసొప్పలేదు.

కేబుల్‌ను పన్నెండో పోర్టుకు మార్చితే జబ్బు అక్కడికీ వచ్చింది. రెండు చివరలూ కోసి, తీగల జతల మెలిక 13 మిల్లీమీటర్లకు మించి విప్పకుండా కొత్త కనెక్టర్లు బిగించాను. లాభం లేదు. ఈఈఈ (పని లేనప్పుడు లింకు కరెంటు ఆదా చేసే సదుపాయం) ఆపితే రెండు రోజులు నిలకడగా ఉంది. మూడో రోజు మళ్లీ మొదలు. పగలే పడుతోంది కదా, వేడేమో అనుకుని ఫ్యాను పెట్టాను. 47 నుంచి 39 డిగ్రీలకు దిగింది, లింకు మాత్రం పడుతూనే ఉంది.

వేగాన్ని 100 మెగాబిట్‌లకు కట్టేశాక 36 గంటలు లింకు పడలేదు. కేబుల్‌లో ఉండే నాలుగు జతల తీగల్లో ఆ వేగానికి నారింజ, ఆకుపచ్చ జతలు చాలు. గిగాబిట్‌కు నాలుగూ కావాలి. అంటే తప్పు నీలం జతలోనో, గోధుమరంగు జతలోనో ఉండాలి. టీడీఆర్ పరీక్ష (తీగలోకి సంకేతం పంపి, అది తిరిగొచ్చే తీరును బట్టి తెగినచోటు చెప్పేది) రెండుసార్లు అన్నీ బాగున్నాయంది. మూడోసారి పెట్టినప్పుడు ఇంట్లోవాళ్లు మెట్ల గది తలుపు తీశారు. గోధుమరంగు జత తెగినట్టు చూపించింది: 11 మీటర్ల దగ్గర, నాలుగు మీటర్లు అటూ ఇటూ. టేపు పెట్టి కొలిస్తే ఆ తలుపు బందు 12.4 మీటర్ల దగ్గరుంది! కేబుల్ దాని పక్కనుంచే వెళ్తుంది. ఈఈఈ ఆపిన ఆ రెండు రోజులూ మేము ఊళ్లో లేము. తలుపు తీసినవాళ్లే లేరు.

అక్కడ తొడుగు ఒలిచాను. గోధుమరంగు తీగ పైకి చక్కగానే ఉంది; వేళ్లతో వంచితే ఒకచోట మెత్తగా మడతపడింది. తెగిన కొనను చాకుతో గీకితే రాగి రంగు లేచిపోయి తెల్లగా బయటపడింది. అల్యూమినియం మీద రాగి పూత! ఇది తరచూ వంగేచోట నిలవదు, పీఓఈకి, అంటే నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు పంపడానికి, అసలే పనికిరాదు. ఇకపై స్వచ్ఛమైన రాగి కేబులే కొంటాను.

కొత్త కేబుల్‌ను తలుపుకు దూరంగా లాగాను. సీఆర్‌సీ లెక్క, అంటే దారిలో చెడిపోయి వచ్చిన డేటా లెక్క, సున్నా. అదే చుట్టలోంచి కోసిన కేబుళ్లు ఇంకా రెండున్నాయి, అందులో ఒకటి కెమెరాకు కరెంటు మోస్తోంది. ఆదివారం ముందు దాన్ని మార్చాలి.