ఇకొరోడు పిల్లలు

నిన్న రాత్రి నుంచి ఇకొరోడు బోయిస్ వీడియోలే చూస్తున్నా. నైజీరియాలోని లాగోస్ రాష్ట్రంలో ఇకొరోడు అనే ఊళ్లో ఒకే కుటుంబంలోని పిల్లలు వీళ్లు. భారీ సినిమాల ట్రైలర్లను షాటుకు షాటు మళ్లీ తీస్తారు. కారు కావాల్సిన చోట ఒంటిచక్రం తోపుడుబండి. మిగతా సామానంతా ఇంట్లో దొరికేదే. అసలు ట్రైలర్‌నీ వీళ్లదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే కెమెరా కోణం, కట్ పడే క్షణం, మొహంలో కోపం, అన్నీ అచ్చం అలాగే! 2020లో నెట్‌ఫ్లిక్స్ సినిమా 'ఎక్స్‌ట్రాక్షన్' ట్రైలర్ ఇలా తీస్తే ఆ సినిమా వాళ్లే మెచ్చుకున్నారు. నెట్‌ఫ్లిక్స్ వీళ్లకి షూటింగ్ పరికరాలు పంపింది.

అసలు నాలీవుడ్, అంటే నైజీరియా సినిమా పరిశ్రమ, ఎదిగిందే ఇలా. 1990ల్లో థియేటర్లు మూతపడుతుంటే వీడియో క్యాసెట్ల మీదే సినిమాలు తీసి లాగోస్ బజార్లలో అమ్ముకున్నారు. తర్వాత వీసీడీలు, ఇప్పుడు యూట్యూబ్. హాలు దొరికేదాకా ఆగలేదు వాళ్లు.

ఆఫ్రికా అనగానే మన టీవీల్లో ఆకలి, యుద్ధమే కనిపిస్తాయి. నాకది చాలా బాధ. ఈ పిల్లల్ని కూడా చూపించండయ్యా! ఎడిటింగ్ నేర్చుకుంటున్న మా తమ్ముడికి పొద్దున్నే లింకు పంపా. ఇంకా రిప్లై లేదు, చూస్తూనే ఉన్నాడనుకుంటా.