అమ్మమ్మ వాళ్ళ మండువా ఇల్లు: కొలతల పని, రెండో ట్రిప్

అమలాపురం దగ్గర అమ్మమ్మ వాళ్ళ ఇంటికి రిపేర్లు మొదలెట్టేలోపు ఉన్నది ఉన్నట్టు గీసిపెట్టాలని కూర్చున్నా కదా, ఈ శని ఆదివారాల్లో ప్లాన్ దాదాపు అయిపోయింది. స్కేలు అడుగుకి పావు అంగుళం. మా వడ్రంగి గారు అడుగులు, అంగుళాల్లోనే మాట్లాడతారు, మిల్లీమీటర్లలో ఇస్తే ఆయన మళ్ళీ మార్చుకోవాలి, తప్పులొచ్చేది అక్కడే.

పోయినసారి గుమ్మం నుంచి కిటికీ, కిటికీ నుంచి స్తంభం అని ముక్కముక్కలుగా కొలిచా, అన్నీ కూడితే వసారా మొత్తం పొడవుకి రెండంగుళాలు తేడా వచ్చింది. ఈసారి టేపు మొదలు ఒకే మూలలో మావయ్య పట్టుకున్నారు, నేను నడుచుకుంటూ ఒక్కో చోట రీడింగ్ రాసుకున్నా, సరిగ్గా సరిపోయింది. ఇంకోటి, ఐమూలగా కొలవకుండా ఏ గదినీ నమ్మొద్దు. మండువా (ఇంటి మధ్యలో పైకప్పు లేని ఖాళీ) 12 అడుగులకి 10, మూలమట్టంగా ఉంటే ఐమూల కొలత రెండు వైపులా 15 అడుగుల ఏడున్నర అంగుళాలు రావాలి, కానీ ఒకవైపు 15 అడుగుల 11, రెండోవైపు 15 అడుగుల 4 వచ్చాయి. ఇది చూసుకోకుండా కొత్త దూలాలు కోయించుంటే కలప మొత్తం వేస్టయ్యేది.

లెవెల్ పైపులో బుడగలు లేకుండా నీళ్ళు నింపి గోడల చుట్టూ అరుగు మీంచి మూడడుగుల ఎత్తులో దారంతో గీత కొట్టాం, ఎత్తులన్నీ దాన్నుంచే. నైరుతి స్తంభం ఒకటింపావు అంగుళం దిగిందని అప్పుడే తెలిసింది.

నాకు బాగా సంతోషమేసింది మాత్రం పాత పంపకాల దస్తావేజు చూసినప్పుడు. అందులో ఉత్తరపు వసారా అయిదు అంకణాలని (రెండు స్తంభాల మధ్య జాగా ఒక అంకణం) రాసుంది, ఇప్పుడు చూస్తే నాలుగే, మరి అయిదోది ఏమైందా అని ప్లాన్ ముందేసుకుంటే ఆ చివర చిన్నగది అడ్డగోడ మందం తొమ్మిదంగుళాలే, పాత గోడలన్నీ పద్దెనిమిది! అంటే వసారా చివర అంకణాన్ని తర్వాతెప్పుడో గది చేసేశారు. ఆ గోడ తీసేద్దామని నా కోరిక, లోపల స్తంభం ఉందో లేదో ముందు చూడాలి.

పెంకు వెనకాల బాసెల్ మిషన్ (స్విట్జర్లాండ్ క్రైస్తవ మిషనరీ సంస్థ) ముద్రతో 1865 అని కనపడగానే ఇల్లు అప్పటిదే అన్నారు మావయ్య. అది మంగుళూరులో ఆ పెంకుల ఫ్యాక్టరీ పెట్టిన సంవత్సరం, పెంకు చేసిన ఏడాది కాదు, అందుకని రికార్డులో ముద్ర ఫొటో మాత్రం పెట్టా, ఇంటి వయసు రాయలేదు.

"విప్పకముందే నంబర్లేసెయ్యండి బాబూ, తర్వాత ఏది ఎక్కడిదో నాక్కూడా తెలీదు" అన్నారు వడ్రంగి గారు. తూర్పు వాసాలకి తూ-1, తూ-2 అని రేకు ముక్కల మీద రాసి మేకుతో కొట్టాం, అవే నంబర్లు డ్రాయింగ్‌లో కూడా. పడమర వైపు ఇంకా ఉంది. వచ్చే ట్రిప్‌లో అటకెక్కి కప్పు సెక్షన్ (నిలువుగా కోసి చూసినట్టు గీసే బొమ్మ) కోసం కొలవాలి, వానలు పడేలోపు.