వీఎం డిస్కు వేగం కోసం మనం ఏం వదులుకుంటున్నాం

వీఎం అంటే ఒక సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో కట్టిన ఇంకో కంప్యూటరు. దాన్ని మోసే అసలు సర్వర్ హోస్టు, లోపల నడిచేది గెస్టు, రెంటి మధ్యా ఉండి నడిపించే సాఫ్ట్‌వేర్ హైపర్‌వైజర్. సర్వర్లు చూసుకునే వాళ్ళ మధ్య ఈ ప్రశ్న తరచూ వస్తుంది. హోస్టు మీద నేరుగా పరీక్షిస్తే వంద మైక్రోసెకన్ల లోపే జవాబిచ్చే ఎన్‌వీఎంఈ డ్రైవు, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డ్రైవు, వీఎం లోపలికి వెళ్ళేసరికి ఎందుకు నెమ్మదిస్తుంది, ఆ మధ్యలో ఉన్నదంతా తీసేసి డ్రైవునే వీఎంకి పాస్‌త్రూ చేసేస్తే, అంటే నేరుగా అప్పజెప్పేస్తే, పోదా అని. చేయొచ్చు, వేగం వస్తుంది కూడా. కానీ ఆ మధ్యలో ఉన్నదాని కోసమే కదా మనం అసలు వీఎం పెట్టుకున్నది! డిస్కు ఒక క్షణంలో ఎలా ఉందో దాచుకునే స్నాప్‌షాట్, నడుస్తున్న వీఎంని ఆపకుండా ఇంకో సర్వర్‌కి మార్చే లైవ్ మైగ్రేషన్, ఒకే డ్రైవుని పది వీఎంలకు పంచడం, ఇవన్నీ చేసిపెట్టేది ఆ పొరే. డిస్కుకి ఒక అడుగు దగ్గరైన ప్రతిసారీ వీటిలో ఏదో ఒకటి చేజారుతుంది. అందుకే ఏది పోయినా మన పని ఆగదో ముందు తేల్చుకుని ఆ తర్వాతే మైక్రోసెకన్ల లెక్కలోకి దిగాలంటాను. ఇక్కడ చెప్పేదంతా లినక్స్‌లో వీఎంలు నడిపే కేవీఎం, వాటికి డిస్కు లాంటి పరికరాలు చూపించే క్యూఎమ్యూ గురించే, నేను పని చేసేది వాటితోనే.

మొదట్లో వీఎంకి డిస్కు ఇవ్వడమంటే క్యూఎమ్యూ ఒక పాత ఐడీఈ కంట్రోలర్‌లా, అంటే డిస్కుని నడిపే చిప్పులా, నటించడమే. గెస్టుకి ఒక సెక్టార్, అంటే డిస్కులో ఒక ముక్క, కావాలంటే ఆరేడు రిజిస్టర్లలో ఒక్కొక్క విలువా రాస్తుంది. అలా రాసిన ప్రతిసారీ సీపీయూ గెస్టుని ఆపి హైపర్‌వైజర్‌లోకి వస్తుంది, క్యూఎమ్యూ ఆ విలువని గుర్తు పెట్టుకుంటుంది, మళ్ళీ గెస్టు నడుస్తుంది. ఒక దరఖాస్తుకి ఆరు సంతకాలు కావాలంటే ఒక్కో సంతకానికీ ఊరి నుంచి మండలాఫీసుకి వెళ్ళి వచ్చినట్టన్నమాట. లినక్స్ డెవలపర్ రస్టీ రసెల్ తెచ్చిన వర్ట్‌ఐఓ ఈ తిరుగుడుని తగ్గించింది. 2008 మొదట్లో వచ్చిన లినక్స్ 2.6.24లో అది చేరింది. తాను వీఎంలో ఉన్నానని గెస్టుకి తెలుసు కాబట్టి ఇక నటన అక్కర్లేదు, ఇద్దరికీ కనబడే మెమొరీలో ఒక రింగు పెట్టుకుని, రిక్వెస్టులన్నీ అందులో వరసగా రాసి, హోస్టుని ఒక్కసారి తట్టి లేపితే చాలు. అయిపోయిన వాటిని హోస్టు ఇంకో రింగులో రాసిపెడుతుంది. ఇక్కడ వదులుకున్నది చాలా తక్కువ. గెస్టులో ఆ డ్రైవరు ఉండాలి, అంతే. లినక్స్‌లో ఉండనే ఉంది, విండోస్ అయితే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డ్రైవర్ల ఐఎస్‌ఓ కూడా తగిలించాలి, లేకపోతే ఇన్‌స్టాలర్‌కి డిస్కే కనబడదు.

తర్వాత చాలా ఏళ్ళు పెద్దగా ఎవరికీ ఇబ్బంది రాలేదు. నిమిషానికి 7200 చుట్లు తిరిగే హార్డ్ డిస్కులో సగం చుట్టు తిరగడానికే నాలుగు మిల్లీసెకన్లకు పైగా పడుతుంది, దాని ముందు సాఫ్ట్‌వేర్ తినే ముప్ఫై నలభై మైక్రోసెకన్లు ఏ లెక్క? ఎన్‌వీఎంఈ వచ్చాకే ఆ ముప్ఫై నలభై కళ్ళకు కనబడడం మొదలైంది. డ్రైవు ఎనభై మైక్రోసెకన్లలో జవాబిస్తుంటే దారిలో ఇంకో నలభై పోవడమంటే సగం భారం అదనంగా మోసినట్టే.

ఆ భారం దించడానికి వచ్చిన మార్పుల్లో నాకు బాగా నచ్చినది ఐఓథ్రెడ్, అంటే డిస్కు పనికే కేటాయించిన థ్రెడ్డు. పాత క్యూఎమ్యూలో డిస్కు పని కూడా ఒక పెద్ద ఉమ్మడి లాక్ కింద, పనులన్నీ వరసగా చేసే మెయిన్ లూప్‌లోనే జరిగేది, అంటే క్యూఎమ్యూకి మనం ఇచ్చే మానిటర్ కమాండ్ ఒకటి ఆలస్యమైనా డిస్కు ఆగేది. 2013లో వచ్చిన 1.4 వెర్షన్‌లో డేటా ప్లేన్ పేరుతో ఆ పనిని వేరే థ్రెడ్డుకి తీసుకెళ్ళే ప్రయత్నం మొదలైంది. మొదటి రోజుల్లో దానికీ ధర ఉండేది, క్యూఎమ్యూలో డిస్కు పనులు చూసే బ్లాక్ లేయర్ ఇచ్చే సౌకర్యాలు చాలావరకు దానితో పనిచేసేవి కావు. క్రమంగా అవన్నీ కలిశాయి, 2024లో వచ్చిన 9.0లో అయితే ఒకే డిస్కు క్యూలని కొన్ని ఐఓథ్రెడ్లకు పంచే వీలూ వచ్చింది. వేగం కూడా కావాలి, సౌకర్యాలూ పోకూడదు అని పట్టుబట్టి ఏళ్ళ తరబడి ఓపికగా చేసిన పని ఇది, ఆ డెవలపర్ల మీద నాకు నిజంగా గౌరవం.

ఇక పోలింగ్. పని వచ్చిందని తట్టి లేపే ఇంటరప్ట్ కోసం నిద్రపోయి మళ్ళీ లేవడానికే కొన్ని మైక్రోసెకన్లు పోతాయి కాబట్టి నిద్రపోకుండా రింగునే చూస్తూ కూర్చోవడం. క్యూఎమ్యూ ఐఓథ్రెడ్ దీన్ని కొంచెం కొంచెంగా చేస్తుంది, కాసేపు చూసి, ఏమీ రాకపోతే నిద్రపోతుంది. ఇంటెల్ 2015లో ఓపెన్ సోర్స్ చేసిన ఎస్‌పీడీకే అనే స్టోరేజీ సాఫ్ట్‌వేర్ మాత్రం అసలు నిద్రే పోదు. ఆపరేటింగ్ సిస్టమ్‌కి మూలమైన కెర్నల్‌ని పక్కన పెట్టి డ్రైవుతో తానే మాట్లాడుతుంది, వీహోస్ట్-యూజర్ అనే పద్ధతి ద్వారా వీఎం రింగుని నేరుగా చదువుతుంది. వేగం అద్భుతం. దానికి ఒక సీపీయూ కోర్ మొత్తం రాసివ్వాలి, డిస్కు ఖాళీగా ఉన్నా ఆ కోర్ నూరు శాతం తిరుగుతూనే ఉంటుంది, వీఎం మెమొరీ హ్యూజ్ పేజీల్లో, అంటే మామూలు కంటే పెద్ద ముక్కల్లో, ఉండాలి, ఆ డ్రైవు హోస్టు కెర్నల్‌కి కనబడదు కాబట్టి డిస్కు పనితీరు చూడడానికి రోజూ వాడే ఐఓస్టాట్ లాంటివి కూడా దాని మీద పనిచేయవు. వందల వీఎంలు నడిపే క్లౌడ్ కంపెనీకి ఇది లాభమే, ఒక కోర్ ఖర్చు అందరికీ పంచుకుపోతుంది. ఎనిమిది కోర్ల సర్వర్లో నాలుగు వీఎంలు నడిపే చోట దీన్ని పెట్టొద్దనే చెబుతాను.

పాస్‌త్రూ సంగతికి వస్తే, వీఎఫ్‌ఐఓ అనే లినక్స్ ఏర్పాటు ద్వారా డ్రైవునే గెస్టుకి అప్పజెప్పేస్తే హోస్టు పూర్తిగా తప్పుకుంటుంది. డ్రైవు గెస్టు మెమొరీలోకి నేరుగా డీఎంఏ చేస్తుంది, అంటే సీపీయూ కలగజేసుకోకుండా తానే రాస్తుంది, ఏ పేజీలో రాస్తుందో హోస్టుకి ముందుగా తెలియదు కాబట్టి గెస్టు ర్యామ్ మొత్తాన్ని కదలకుండా కట్టేయాలి, అంటే ర్యామ్‌ని ఉన్నదానికంటే ఎక్కువ మందికి పంచే వీలు అక్కడితో సరి. హోస్టు వైపు నుంచి స్నాప్‌షాట్ లేదు. లైవ్ మైగ్రేషన్ లేదు, డేటా ఆ డ్రైవులోనే, ఆ పెట్టెలోనే ఉండిపోయింది కదా. డ్రైవు ఫర్మ్‌వేర్ మార్చే అధికారం కూడా గెస్టు చేతికి వెళ్ళిపోతుంది, తెలియని కస్టమర్లకు వీఎంలు అద్దెకిచ్చే వాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. అమెజాన్ తన క్లౌడ్ కోసం కట్టిన నైట్రోలో ఎంచుకున్న దారి గమనించండి. 2017లో వచ్చిన సీ5 ఇన్‌స్టెన్సుల్లో, అంటే అద్దెకిచ్చే వీఎంలలో, ఈబీఎస్ వాల్యూమ్, అంటే నెట్‌వర్క్ మీదుగా వచ్చే డిస్కు, గెస్టుకి మామూలు ఎన్‌వీఎంఈ డ్రైవులా కనబడుతుంది, కానీ దాని వెనక ఉన్నది వాళ్ళ సొంత కార్డు. ఎన్‌క్రిప్షన్, నెట్‌వర్క్ పని అంతా ఆ కార్డు చూసుకుంటుంది. మధ్య పొరని వాళ్ళు తీసేయలేదు, సీపీయూ మీద నుంచి దించి కార్డులో పెట్టారు.

ఫైల్ ఫార్మాట్ గురించి కూడా కొంచెం. క్యూఎమ్యూ సొంత డిస్కు ఫార్మాట్ క్యూకౌ2 నెమ్మది అని చాలామంది ఏ పట్టికా లేని రా ఫైలుకి మారిపోతుంటారు. అసలు ఖర్చు ఎక్కడంటే, గెస్టు అడిగిన బ్లాకు ఫైల్లో ఎక్కడుందో ఒక పట్టికలో వెతకాలి, ఆ పట్టిక క్యాష్‌లో లేకపోతే దాన్ని చదవడానికే ఇంకో రీడ్. క్లస్టర్, అంటే ఆ పట్టిక లెక్కపెట్టే ఒక్కో ముక్క, 64 కేబీ అనుకుంటే ఒక ఎంబీ క్యాష్ 8 జీబీ డిస్కుకి సరిపోతుంది, పాత వెర్షన్లలో డిఫాల్ట్ కూడా అంతే ఉండేది, కాబట్టి 200 జీబీ ఇమేజ్ మీద అక్కడొకటి ఇక్కడొకటి చదివితే నెమ్మదించక ఏం చేస్తుంది. క్యూఎమ్యూ 3.1 నుంచి ఆ పరిమితి 32 ఎంబీకి పెరిగింది, అంటే 256 జీబీ దాకా బెంగ లేదు. స్నాప్‌షాట్లు నిజంగా వాడేవాళ్ళు ఆ సౌకర్యాన్ని వదులుకునే ముందు వెర్షన్ చూసుకోవాలి, ఇంకా పెద్ద డిస్కయితే క్యాష్ సైజు పెంచి చూడాలి.

అందరూ ఎక్కువ తికమకపడేది, డేటా నిజంగా పోయే ప్రమాదం ఉన్నది క్యాష్ మోడ్‌ల దగ్గర, అంటే గెస్టు రాసినదాన్ని క్యూఎమ్యూ ఎలా డిస్కుకి చేర్చాలో చెప్పే సెట్టింగ్ దగ్గర. 'నన్' పెడితే హోస్టు పేజ్ క్యాష్‌ని, అంటే డిస్కు డేటాని ర్యామ్‌లో ఉంచుకునే చోటుని, దాటేసి ఓ-డైరెక్ట్ పద్ధతిలో రాస్తుంది. క్యాష్ లేదు కదా, రాసిన ప్రతిదీ డిస్కులో భద్రం అనుకుంటారు. కాదు! డ్రైవు లోపలి క్యాష్ ఇంకా ఉంది, క్యాష్‌లో ఉన్నదంతా డిస్కులో రాసేయమని గెస్టు ఫ్లష్ పంపినప్పుడే భద్రం. 'రైట్‌బ్యాక్' కూడా ఫ్లష్‌ని గౌరవిస్తుంది కాబట్టి భయపడనక్కర్లేదు, కాకపోతే ఒకే డేటా గెస్టు ర్యామ్‌లోనూ హోస్టు ర్యామ్‌లోనూ రెండుసార్లు కూర్చుంటుంది. 'అన్‌సేఫ్' ఒక్కటే ఫ్లష్‌ని పట్టించుకోదు. గెస్టు డేటాబేస్‌కి "అయింది, భద్రంగా రాశాం" అని అబద్ధం చెబుతుంది. హోస్టు కరెంటు పోతే ఫైల్ సిస్టమ్ ఏ స్థితిలో ఉంటుందో ఎవరూ చెప్పలేరు. వేగం పరీక్షల్లో ఇది అన్నిటికంటే ముందుంటుంది, అందుకే ఎక్కడైనా గొప్ప అంకె చూస్తే ముందు మోడ్ ఏమిటని అడగండి.

అడగాల్సింది ఇంకోటి ఉంది, ఆ అంకె ఏ క్యూ డెప్త్ మీద, అంటే ఒకేసారి ఎన్ని రిక్వెస్టులు పంపితే, వచ్చిందని. ఒకేసారి 32 రిక్వెస్టులు పంపి తీసిన ఐఓపీఎస్, అంటే సెకనుకి జరిగే రీడ్‌ల, రైట్‌ల సంఖ్య, చూడడానికి బాగుంటుంది, కానీ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఒక కమిట్ అంటే లాగ్ రాసి, డిస్కుకి చేర్చమనే ఎఫ్‌డేటాసింక్ పిలిచి, అది తిరిగొచ్చేదాకా ఎదురుచూడడం. కాబట్టి డిస్కు పరీక్షించే సాధనం ఫియోలో క్యూ డెప్త్ 1 పెట్టి, ప్రతి రైట్ తర్వాతా సింక్ చేయిస్తూ, సగటు కాకుండా 99వ పర్సెంటైల్, అంటే నూటికి తొంభై తొమ్మిది రైట్‌లు ఎంతలోపు ముగిశాయో, చూస్తే అసలు బొమ్మ కనబడుతుంది. అలా చూసినప్పుడు చాలా చోట్ల తప్పు హైపర్‌వైజర్‌ది కాదని తేలుతుంది. కరెంటు పోయినా క్యాష్‌ని కాపాడే కెపాసిటర్లు ఉన్న సర్వర్ డ్రైవు ఫ్లష్‌కి వెంటనే జవాబిస్తుంది, మామూలు డెస్క్‌టాప్ డ్రైవు అదే ఫ్లష్‌కి కొన్ని మిల్లీసెకన్లు తినేయొచ్చు. అలాంటి డ్రైవుని పాస్‌త్రూ చేసినా ఆ మిల్లీసెకన్లు ఎక్కడికీ పోవు. ముందు డ్రైవు మార్చండి.

నేనైతే డేటాబేస్ వీఎంకి లినక్స్‌లో డిస్కుని భాగాలు చేసుకునే ఎల్‌వీఎం వాల్యూమ్ మీద రా, వర్ట్‌ఐఓ బ్లాక్, క్యాష్ 'నన్', దానికంటూ ఒక ఐఓథ్రెడ్, హోస్టు కెర్నల్‌కి రిక్వెస్టులు ఎలా అందించాలో చెప్పే ఏఐఓ కింద నేటివ్ గానీ ఐఓ యూరింగ్ గానీ పెడతాను. మామూలు అప్లికేషన్ వీఎంలన్నిటికీ క్యూకౌ2 ఉంచేస్తాను, స్నాప్‌షాట్ సుఖం ముందు ఆ తేడా పెద్దది కాదు. బిల్డులు, టెస్టులు నడిచి చెరిగిపోయే వీఎంలకు 'అన్‌సేఫ్' కూడా నిక్షేపంగా పెట్టుకోవచ్చు, అక్కడ పోవడానికి డేటా లేదు. పాస్‌త్రూ మాత్రం ఒక్క సందర్భంలోనే ఒప్పుకుంటాను. డేటాబేస్‌కి సొంత రెప్లికేషన్, అంటే ఇంకో పెట్టెలో ఎప్పటికప్పుడు నకలు, ఉండాలి, ఒక పెట్టె పోతే ఇంకోటి అందుకునే ఏర్పాటు ఉండాలి, ఆ ఏర్పాటుని నిజంగా ఒకసారి పెట్టె ఆపి చూసి ఉండాలి.