ప ఫ బ భ మ లేని పీరియడ్

మన టెన్త్ బ్యాచ్ సావనీరుకి ఒక పేజీ రాసి, పాత ఫొటో ఒకటి జత చెయ్యమని కమిటీ తరఫున, మనం చిలక అని పిలిచే క్లాస్‌మేట్ మూడుసార్లు ఫోన్ చేసింది. రాయడానికేం, రాస్తాను. ఫొటోతోనే ఇబ్బంది. టెన్త్ గ్రూప్ ఫొటోలో అందరూ ఇకిలిస్తుంటే రెండో వరసలో ఒక పిల్ల ఆముదం తాగినట్టు మూతి బిగించుకుని నిలబడి ఉంటుంది చూడండి, అది నేనే.

ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఏం జరిగిందో నన్నడక్కండి. నా బడి జ్ఞాపకాలు 1998 దసరా సెలవులయ్యాక, పళ్ళకి క్లిప్పులతో గేటు లోపల అడుగుపెట్టిన రోజు నుంచే మొదలవుతాయి. పైన రెండు, కింద రెండు పళ్ళు పీకి ఆ ఖాళీలోకి ముందు పళ్ళని లాగాలన్నారు డాక్టరు గారు. "బంగారంలాంటి పళ్ళు పీకించి ఇనుము కట్టిస్తారుటే?" అని మామ్మ రెండు రోజులు అన్నం మానేసింది.

మొదటి పీరియడ్‌లో దేనికో నవ్వినట్టున్నాను. వెనక బెంచీ లేచి నిలబడి "విశాఖ ఉక్కు!" అంది. క్లాసు క్లాసంతా "ఆంధ్రుల హక్కు!" అని అందుకుంది. మొదలుపెట్టింది ఎవరో అందరికీ తెలుసు. ఇప్పుడు అమెరికాలో ఉన్నాడు కాబట్టి వదిలేస్తున్నా.

ఆ రోజు నా కుడిచెయ్యి మూతి మీదకి వెళ్ళింది, మళ్ళీ దిగలేదు. నెలకోసారి టైట్ చేయించుకుని వస్తే మూడు రోజులు మజ్జిగన్నమే. తీగ చివర బుగ్గలో గుచ్చుకుంటే తెల్ల మైనం చిన్న ఉండ చేసి అద్దడం. చెరకు, జంతికలు, వేరుశనగ ఉండలు బంద్. మాడుగుల హల్వా మాత్రం జీడిపప్పు ఏరేసుకుని తినొచ్చు. ఫ్యాషన్‌గా ఉంటుందని తెల్ల రబ్బరు రింగులు వేయించుకుంటే, మూడు పూటల పప్పుకే పసుపు పట్టేశాయి. ఇవన్నీ ఒక ఎత్తు, ఒక్క విషయంలో మాత్రం మిమ్మల్ని నేను ఇప్పటికీ క్షమించలేదు. బీచ్‌లో మురీ మిక్చర్ తిన్న సాయంత్రం గంటసేపు మీతో కబుర్లు చెప్పి ఇంటికెళ్ళి అద్దంలో చూసుకుంటే, పైపళ్ళ తీగకి కొత్తిమీర రెబ్బ తోరణంలా వేలాడుతోంది. ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదు!

ఇక గసడదవ మాష్టారు, అదే మన తెలుగు మాష్టారు. ఆయన గొడుగు గురించి, పొడుండబ్బా గురించి మిగతావాళ్ళు ఎలాగూ రాస్తారు. నేను ఒక్క పీరియడ్ గురించే రాస్తాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక క్లాసు. నన్ను లేపి పద్యం చదవమన్నారు. కింది పెదవి లోపల పుండు, పెదవులు కలిపితే ప్రాణం పోతోంది. చెయ్యి అడ్డం పెట్టుకునే "పుండు మాష్టారూ" అన్నాను. వెనకనుంచి కిసకిసలు. ఆయన పుస్తకం మూసేశారు.

"దండి రాసిన దశకుమార చరిత్రలో మంత్రగుప్తుడని ఒకడున్నాడు తల్లీ. వాడికీ పెదవి గాయమే. నీలాగే చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అలాగని నోరు మూసుకుని కూర్చోలేదు. పెదవులు కలిసే అక్షరం ఒక్కటి లేకుండా తన కథంతా చెప్పాడు. ఏదీ, నువ్వు చెప్పు. ప ఫ బ భ మ వద్దు. 'వ' దంతోష్ఠ్యం, పన్నూ పెదవీ తగలాలి. నీకు రెండూ నొప్పే, అదీ వద్దు."

గాయం ఎలా అయిందో మాత్రం చెప్పలేదు. ఇంజనీరింగ్‌లో ఉండగా లైబ్రరీలో చూశాను. ప్రియురాలి పంటిగాట్లు! మాష్టారు అందుకే దాటేశారన్నమాట.

సరే, చెప్పాను. "నా దంతాలకి తీగ కట్టించి నెల అయింది. ఇంకా ఏడాదిన్నర. నాన్నగారి ఆజ్ఞ." నిజానికి పట్టుబట్టింది అమ్మ. 'అమ్మ'లో 'మ' ఉందిగా, పాపం నాన్న మీదకి తోశాను. మాష్టారు కనిపెట్టేశారు. "ఈ భాషలో అమ్మని పిలవలేం" అని పెద్దగా నవ్వారు.

ఆ తరవాత క్లాసు నా చేతిలో లేదు, ఆయన చేతిలోనూ లేదు. విశాఖపట్నం అనడానికే లేదని తేలింది. సముద్రం పోయింది, బీచ్ పోయింది, జగదాంబ పోయింది. గాజువాక బ్యాచ్ గొడవకి దిగింది. "సింహాచలం" అన్న చిలకని, చివరి సున్నా కూడా 'మ'కారమే అని నేనే పట్టుకున్నాను. కైలాసగిరి, రుషికొండ నెగ్గాయి. దొండకాయ చెయ్యెత్తి "సార్, నీళ్ళు తాగి రానా?" అన్నాడు. సార్ అంటే మండిపడే మనిషి, వేళ్ళమీద అక్షరాలు లెక్కపెట్టుకుని "నెగ్గావు, ఫో" అన్నారు. నేను బెంచీ మీద రెండు చేతులూ కొడుతూ అందరి తప్పులూ అరిచి చెబుతున్నాను.

రాత్రి పడుకున్నాక తట్టింది. ఆ అక్షరాలు తీసేస్తే ఇక పెదవులు కలవవు. పీరియడ్ మొత్తం నా క్లిప్పులన్నీ క్లాసుకి చూపిస్తూ కూర్చున్నాను. మాష్టారు కావాలనే చేశారో, ఆ పూట సంధులు చెప్పడానికి బద్ధకించారో, నేనడగలేదు. మర్నాడు మళ్ళీ చెయ్యి మూతి మీదకి వెళ్ళిన మాట నిజమే. కాకపోతే మధ్యమధ్యలో మర్చిపోయేదాన్ని.

ఇంటర్, ఏయూలో మెటలర్జీ, ఇవన్నీ మీకు తెలిసినవే. ఆ నోట్లో తీగ నికెల్ టైటానియం అని, ఎంత వంచినా తన పాత ఆకారానికే రావాలని చూస్తుందని, అలా మెల్లగా పళ్ళని లాగుతుందని థర్డ్ ఇయర్‌లో చదివినప్పుడు లేచి నిలబడి "నాకు తెలుసు" అనాలనిపించింది. చివరికి మీరు పెట్టిన పేరే నా ఐడీ కార్డు మీదకి ఎక్కింది. ఉక్కు ఫ్యాక్టరీలో చేరినప్పుడు బ్లాస్ట్ ఫర్నేసులు గోదావరి, కృష్ణ రెండే. అన్నపూర్ణ నా సర్వీసులోనే వెలిగింది. షిఫ్టులో యాభై మంది మగాళ్ళ మధ్య, ఆ హోరులో గొంతెత్తి చెప్పాలి. మూతి మీద చెయ్యి పెట్టుకుంటే ఎవరికీ వినబడదు.

మా అమ్మాయికిప్పుడు అలైనర్లు. గాజులా కనబడని తొడుగులు, రోజుకి 22 గంటలు పెట్టుకోవాలి, తినేటప్పుడు తీసి డబ్బాలో దాచుకోవచ్చు. నా లెక్కన అది మహారాజభోగం. అయినా "స" సరిగ్గా రావట్లేదని స్కూల్లో మాట్లాడటం మానేసిందట. మొన్న ఆదివారం కూర్చోబెట్టి మాష్టారి ఆట చెప్పాను. ప ఫ బ భ మ, వ, చివరి సున్నా, అన్నీ.

"అయిదు నిమిషాలు, చూద్దాం" అన్నాను.

కాసేపు పైకి చూసి ఆలోచించింది. నావైపు తిరిగి, గెలిచేశానన్నంత ధీమాగా నోరు తెరిచింది.

"అమ్మా..."