తేగలొచ్చాయి

చలి మొదలైందంటే చాలు మా వీధి మలుపులో తోపుడుబండి మీద తేగల కట్టలు కనిపిస్తాయి, హైదరాబాద్‌లో ఉన్నా సరే ఆ బండి దాటుకుని ఇంటికెళ్ళడం నా వల్ల కాదు. మాది పశ్చిమ గోదావరి పల్లెటూరు లెండి. మా పిల్లలకి కూడా ఇప్పుడు బాగా అలవాటైపోయింది, సంచి చూడగానే "తేగలా అమ్మా" అని ఎగబడతారు.

తాటిచెట్టుతో ఏడాది పొడుగునా పనుండేది మా ఇంట్లో. ఎండాకాలం ముంజలు, శ్రావణ భాద్రపదాల్లో పళ్ళు. ఆ పండు రసం తీసి బియ్యపురవ్వ, బెల్లం, కొబ్బరి కలిపి నాన్నమ్మ తాటిరొట్టె వేసేది, ఇల్లంతా ఆ వాసనే. ఒక్కో పండులో మూడు దాకా టెంకలుంటాయి కదా, అవేవీ పారేయనిచ్చేది కాదు, పెరట్లో ఇసుక కలిసిన గుల్లనేల చూసి పాతర వేయించేది. ఈ టెంక మొలక పైకి రాదు, ముందు నేలలోకి దిగుతుంది, అలా దిగిన మొలకే లోపల ఊరి తేగ అవుతుంది, అందుకే నేల గట్టిగా ఉంటే తేగ సరిగ్గా దిగదు. ఎక్కువ రోజులు వదిలేశామా, ముదిరి పీచు తేలిపోతుంది. ఎప్పుడు తవ్వాలో నాన్నమ్మకి బాగా తెలుసు, ముందు ఒకటి లాగి, విరిచి చూసి "ఇంకో వారం ఆగండ్రా" అనేది.

మా ఇంట్లో నాగుల చవితికి పుట్టలో పాలు పోసి, చలిమిడి, చిమ్మిలితో పాటు తేగలు, బుర్రగుంజు పెట్టాకే మేం నోట్లో పెట్టుకునేది. బుర్రగుంజు తెలియని వాళ్ళ కోసం చెప్తున్నా, మొలకొచ్చిన టెంకని కత్తితో రెండు చెక్కలుగా కొడితే లోపల తెల్లగా, గుల్లగా, తియ్యగా ఉంటుందే, అదన్నమాట. బాబాయి టెంకలు కొడుతుంటే మేం చుట్టూ చేరి చేతులు చాపుకుని నిలబడేవాళ్ళం.

ఇంక తంపట సంగతి. పాత కుండలో తేగలు నిలువుగా ఇరికించి, మూతికి గడ్డి కూరి, బోర్లించి, చుట్టూ ఎండుతాటాకులు, కొబ్బరిడొక్కలు పేర్చి మంటపెట్టేవాళ్ళు. ఆ కమ్మదనం కుక్కర్‌లో రాదు, అయినా అపార్ట్‌మెంట్‌లో మంటలు పెట్టలేం కాబట్టి పచ్చివి దొరికినప్పుడు నేను ముక్కలు చేసి ఉప్పేసి కుక్కర్‌లోనే ఉడికిస్తున్నా.

నాకు తేగలంటే ఇంత ఇష్టం ఎందుకంటే రుచి ఒక్కటే కారణం కాదండి, తేగ తినడానికి టైం పడుతుంది. పైన గోధుమరంగు పొర ఒలవాలి, కొస దగ్గర గోరు పెట్టి నిలువునా రెండుగా చీల్చాలి, మధ్యలో చందమామ తీయాలి (ఆ చిన్న ఆకుమొలకని అలాగే అంటాం), లోపలి పల్చటి పొర గోకాలి, అప్పుడు కొరికి, నముల్తూ పీచు లాగి పక్కన పెట్టుకోవాలి. రెండు చేతులూ బిజీ, ఫోన్ ముట్టుకోవడానికి ఉండదు, మధ్యలో లేచి వెళ్ళడానికీ ఉండదు, అందుకని మాటలు అవే వస్తాయి.

పెళ్ళికి ముందు అమ్మకి టీచర్ ట్రైనింగ్‌లో సీటొచ్చిందని, తాతయ్య పంపలేదని నాకు తెలిసింది అలా తేగలు ఒలుస్తున్నప్పుడే. తల ఎత్తకుండా, పీచు లాగుతూ, "వెళ్ళుంటే ఈపాటికి రిటైరయ్యేదాన్ని" అంది. అన్నేళ్ళలో ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నేనేం అడగాలో తెలియక ఇంకో తేగ చీల్చి సగం ఆవిడ చేతిలో పెట్టా, అప్పుడు మిగతాదంతా తనే చెప్పుకొచ్చింది, ఏ ఊళ్ళో కాలేజీ, ఏ స్నేహితురాలు వెళ్ళింది, అన్నీ. డైనింగ్ టేబుల్ దగ్గర పది నిమిషాల్లో తినేసి లేచిపోతే ఇవన్నీ ఎప్పుడు బయటికొస్తాయి చెప్పండి?

మా పక్కింటి తమిళావిడ పసుపు, ఉప్పు వేసి ఉడికిస్తారు, వాళ్ళకి పొంగల్‌కి ఇవి ఉండాల్సిందే. శ్రీలంకలో జాఫ్నా వైపు అయితే ఎండబెట్టి పిండి చేసుకుంటారు. మన దగ్గర కూడా రంపచోడవరం దగ్గర పందిరిమామిడి పరిశోధన స్థానంలో తాటి మీద పని జరుగుతోంది, తేగల పిండితో తినుబండారాలు కూడా చేస్తున్నారు, వినడానికి చాలా సంతోషంగా అనిపించింది. కానీ ఊళ్ళో చేలగట్ల మీద చెట్లు మాత్రం తగ్గిపోతున్నాయి, రొయ్యల చెరువులకనీ ప్లాట్లకనీ కొట్టేస్తున్నారు. తాటిచెట్టు కాపుకి రావాలంటే పదేళ్ళ పైమాటే, కొట్టడానికి ఒక్క పూట చాలు. చాలా బాధగా ఉంటుంది నాకు.

ఈసారి ఊళ్ళో తమ్ముడు ఇంటి వెనక పాతర వేశాడు, సంక్రాంతికి వెళ్ళేసరికి కొన్ని ముదిరిపోతాయేమో అంటున్నాడు, ముదిరినా పర్లేదు ఒక వరస మా కోసం తవ్వకుండా ఉంచరా అని చెప్పా. ఈలోగా మీ వైపు బండి కనిపిస్తే కాస్త లావుగా, గట్టిగా ఉన్నవి చూసి తీసుకోండి, ఉడికించినవి ఎక్కువ నిలవుండవు, అందరూ ఇంట్లో ఉన్న రోజు కొనండి.