రెండూ ఎడమ చేతులే

ఆదివారం. పొద్దున్న ఎనిమిదింటికే కరెంటు పోయింది. ఆదివారమంటే మా రోడ్డంతా అరసవల్లి వెళ్లే ఆటోలే. ఆ హారన్ల మోతలో వసారాలోని అమ్మ పాత మిషను మూత తీశాను. కాలితో తొక్కేదే కాబట్టి దానికి కరెంటుతో పనిలేదు. ఫ్రిజ్జూ ఫ్యానూ చల్లబడిపోయిన ఇంట్లో అదొక్కటే పనిచేసింది.

నలభై ఆరేళ్లొచ్చాక చొక్కా కుట్టుకోవడం నేర్చుకుంటున్నానని ఆఫీసులో ఇంకా చెప్పలేదు. మొదలుపెట్టి మూడు నెలలైంది. ముందు దిండు గలీబులు కుట్టాను, తరవాత చేతిసంచి, ఆ తరవాత ఓ పైజమా. పైజమా సంగతి రాయను.

పోయిన నెల పొందూరు వెళ్లి రెండున్నర మీటర్ల సన్న ఖాదీ తెచ్చుకున్నాను. అమ్మ దాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, "వాలుగ చేప దవడతో దువ్విన పత్తిరా ఇది. దీని మీదేటి నీ చదువు?" అంది. నిజమే, అక్కడ పత్తిని ఆ చేప పళ్లతోనే దువ్వి శుభ్రం చేస్తారు. అంత కష్టపడి వడికి నేసిన గుడ్డ మీద కత్తెర పెట్టాలంటే నాకూ చెయ్యాడలేదు. ముందు రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పిండకుండా ఆరేసి, మళ్లీ టేపు పట్టి చూస్తే మూడంగుళాలు తగ్గింది. నానబెట్టకుండా కత్తిరించి ఉంటే మొదటి ఉతుక్కే చొక్కా పొట్టయిపోయేది.

కటింగు నిన్ననే అయింది. వదులుగా ఉండే నా పాత చొక్కా ఒకటి ఆదికి పెట్టుకుని, చుట్టూ కుట్టుకి అరంగుళం వదిలి సుద్దతో గీశాను. ఇవాళ కుట్టడమే. సన్న గుడ్డ కదా అని పదకొండో నంబరు సూది వేశాను. అయినా అడుగున దారం ఉండలు కట్టింది. బాబిన్ తీసి, ఊది, నూనె చుక్క వేసి, దాన్ని నానా తిట్లూ తిట్టాను. అమ్మ కుర్చీలోంచి లేవకుండానే, "అడుగున ఉండ కడితే తప్పు పైదారానిదిరా. తీసి మళ్లీ ఎక్కించు" అంది. ఎక్కించాను. అంతదాకా పైదారం, దాన్ని బిగించి పట్టే బిళ్లల మధ్యకి దిగకుండా పక్కన వేలాడుతోంది.

భుజాలు కలిశాయి. చేతులు రెండూ విడిగా గొట్టాల్లా కుట్టి, అంచులు మడిచి, బాగానే వచ్చాయని చూసుకుని మురిసిపోయాను. ఎడమది చంకలో చక్కగా కూచుంది. కుడిది కూచోలేదు. తిప్పి పెట్టాను, కిందా మీదా చేశాను, ఎలా పెట్టినా ముడతే. చేతి ముక్కకి ముందువైపు గుంట కాస్త లోతుగా ఉంటుంది, వెనకవైపు తక్కువ. నేను రెండు ముక్కల్నీ ఒకే వైపు మడిచి కుట్టేశాను. నాకిప్పుడు రెండు ఎడమ చేతులు.

అమ్మ చాలాసేపు నవ్వింది. ముప్ఫై ఏళ్లు వీధి వీధంతటికీ జాకెట్లు కుట్టిన మనిషి నవ్వితే ఏమంటాం. కళ్లు తుడుచుకుని, "గుడ్డ ఇలగియ్యి" అంది. ఈ మధ్య సూదిలో దారం ఎక్కించలేకపోతోంది గానీ కుట్టు ఎటు పోయిందో వేలితో తడిమి చెప్పేస్తుంది. "పూల గుడ్డయితే పాడైపోయేదిరా. దీనికి లోపలా బయటా ఒకటే కదా, విప్పి తిరగేసీ" అంది.

విప్పడం! కుట్టడానికి నాలుగు నిమిషాలు పట్టిన దాన్ని విప్పడానికి ముప్పావుగంట. సగం బ్లేడుతో నాలుగు కుట్లకొకటి తెంపి, వెనక దారం పట్టి లాగాలట. తొందరపడి ఒకచోట గుడ్డనే గీశాను, పేక రెండు పోగులు తెగాయి. అమ్మకి చూపించలేదు. ఆవిడ చూడకుండా ఉంటుందా? "చంకలో కదా, పోనీ" అంది.

అప్పుడు చెప్పింది అసలు సంగతి. చొక్కాకి చేతిని గొట్టం చేయకూడదట. పరిచిన ముక్కని పరిచినట్టే చంకకి అతికించి, ఆ తరవాత చేతి అంచు నుంచి చంక మీదుగా నడుము దాకా ఒకే కుట్టు లాగెయ్యాలట. అలా చేస్తే ముందూ వెనకా తేడా అతికించేటప్పుడే తెలిసిపోతుంది. "మరి పొద్దున్నే చెప్పొచ్చు కదమ్మా" అంటే, "నువ్వడిగేవేటి?" అంది.

సాయంత్రం నాలుక్కి కరెంటొచ్చింది. అప్పటికి చేతులు రెండూ ఎక్కాయి. కాలరు లేదు, కాజాలు లేవు, గుండీలు జీటీ రోడ్డులో కొనాలి. కుడి చంక దగ్గర పాత కుట్టు తాలూకు సూదిపోట్లు చీమలబారులా కనిపిస్తున్నాయి. వేళ్లతో రుద్దినా పోలేదు. తడిపితే నూలు ఉబ్బి పూడుకుంటాయి, కంగారు పడకు అంటోంది అమ్మ. సగం చొక్కాని బకెట్లో వేసి వచ్చి ఇది రాస్తున్నాను. ఇప్పటికి రెండుసార్లు లేచి చూశాను. ఇంకా కనిపిస్తున్నాయి.