రైతుకి రేపు, హోటలుకి నెలన్నర

రొయ్యల పట్టుబడి రోజు తెల్లవారుజామున చెరువు గట్టు మీద ఒక నిమిషం ఉంటుంది. వల లాగి మొదటి బుట్ట పైకి తెస్తారు. కాటా మీద కేజీ రొయ్య తూచి పట్టా మీద పోస్తారు. ఏజెంటు వంగి రెండేసి చొప్పున లెక్కపెడతాడు. ముప్ఫై ఆరు, ముప్ఫై ఎనిమిది, నలభై... చుట్టూ ఉన్నవాళ్ళెవరూ మాట్లాడరు. కేజీకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు. ఆ అంకె ఒకటి పెరిగిందంటే కేజీ మీద కొన్ని రూపాయలు పోయినట్టే. టన్ను సరుకు ఉన్న రైతుకి అది మేత కొట్టు బాకీలో ఒక వాయిదా.

నా చిన్నప్పుడు మా నాన్న ఆ నిమిషంలో తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడేవారు. అప్పట్లో మాది టైగర్ రొయ్య. ఇప్పుడందరూ పెంచే వనామీ రకం 2009 తర్వాతే మన చెరువుల్లోకి వచ్చింది.

తర్వాత పదకొండేళ్ళు నేను ఆ రొయ్యకి రెండో కొసన ఉన్నాను. హైదరాబాదులో ఒక పెద్ద హోటల్లో పర్చేజ్ సెక్షన్. వంటింటికి రోజూ ఏం కావాలో షీటు వచ్చేది, సప్లయర్లకి ఫోను చేసేదాన్ని, పొద్దున్న స్టోర్సు గేటు దగ్గర సరుకు చూసి దింపించుకునేదాన్ని. రొయ్య ఏ చెరువుదో, వంకాయ ఏ ఊరిదో ఆ షీట్లో ఉండదు. అయిదేళ్ళ క్రితం పాలకొల్లు దగ్గర మా ఊరికి తిరిగొచ్చేశాను. గోదావరి మధ్య లంకల్లో కూరగాయలు వేసేవాళ్ళు, చిన్న చెరువులున్నవాళ్ళు కలిపి అరవై రెండు మందిమి ఒక ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకున్నాం. 2002లో కంపెనీల చట్టానికి చేసిన సవరణతో వచ్చిన వెసులుబాటు అది. పది మంది రైతులుంటే చాలు, కంపెనీగా రిజిస్టరు కావచ్చు. ఇప్పుడు విజయవాడ, హైదరాబాదుల్లో రెండు కాలేజీ హాస్టళ్ళకి, ఒక ఆసుపత్రి క్యాంటీనుకి, ఒక కేటరింగు వాళ్ళకి, మూడు రెస్టారెంట్లకి సరుకు పంపుతున్నాం.

ఈ మధ్య చాలామంది కుర్రాళ్ళు ఫోను చేసి అడుగుతున్నారు. "అక్కా, మా ఊళ్ళో కూడా ఇలా మొదలుపెడదామనుకుంటున్నాం, పెద్ద కొనుగోలుదారుల నంబర్లు ఇస్తారా?" నంబర్లు ఎవరైనా ఇస్తారు. నంబరు దొరికాక ఏం జరుగుతుందో అదే రాస్తున్నాను.

మొదటి రొయ్యల ఆర్డరు నా పాత పరిచయం మీదే వచ్చింది. 26/30 సైజు కావాలన్నారు. నేను పదకొండేళ్ళు వాడిన మాటే కదా అని మా బాబాయి దగ్గరికి వెళ్ళి "ముప్ఫై కౌంటు దాకా పెంచాలి బాబాయ్" అన్నాను. ఆయన చెరువు అప్పటికి నలభై కౌంటుకి వచ్చి ఉంది. ముప్ఫైకి తేవాలంటే ఇంకో మూడు, నాలుగు వారాల మేత, కరెంటు బిల్లు, అన్నిటికీ మించి వైట్ స్పాట్ అనే రొయ్యల తెగులు భయం. ఆయన చాలాసేపు ఆలోచించి అడిగారు: "అమ్మాయ్, వాళ్ళు లెక్కపెట్టేది తల ఉంచా, తీసేసా? కేజీకా, పౌనుకా?"

పదకొండేళ్ళలో నాకు ఆ ప్రశ్న రాలేదు. హోటలు కొనేది ఎగుమతి సైజుల లెక్కలో. తల తీసేసిన రొయ్య పౌనుకి ఎన్ని తూగితే అంత. గట్టు మీద లెక్క తలతో, కేజీకి. ఆయన మేత పుస్తకం వెనక అట్ట మీదే లెక్క కట్టాం. నలభై కౌంటు రొయ్య ఒక్కోటి 25 గ్రాములు. తల తీస్తే సుమారు 65 శాతం మిగులుతుంది, అంటే 16 గ్రాముల పైచిలుకు. పౌను 454 గ్రాములు. ఇరవై ఎనిమిది తూగుతాయి. అంటే వాళ్ళు అడిగిన 26/30, బాబాయి చెరువులో ఆ రోజు ఈదుతున్న రొయ్యే. ఆయన ఆ ప్రశ్న అడగకపోతే ఊరికే నాలుగు వారాలు పెంచేవాళ్ళం. ఆ నెల్లోనే పక్క చెరువుకి వైట్ స్పాట్ వచ్చింది.

అప్పటినుంచి మా షెడ్డు గోడ మీద రెండు వరసల పట్టిక రాయించి పెట్టాను. ఒక వైపు గట్టు కౌంటు, రెండో వైపు హోటలు సైజు. ఒలిచిన రొయ్య అడిగితే కేజీకి సగం పైన కాస్త మాత్రమే వస్తుందని కింద ఎర్ర రంగుతో రాశాం. ధర మాట్లాడేటప్పుడు ఆ గోడ ఫొటో తీసి పంపిస్తాను. అవతలివాళ్ళలో చాలామందికి అది తెలియదు. తెలిశాక బేరం మర్యాదగా నడుస్తుంది.

కూరగాయల్లో గొడవ ఇంకో రకం. బెండకాయ కొసని వేలితో వంచితే టక్కున విరగాలి. వంగిపోయిందంటే ముదిరినట్టు. ఇది ప్రతి ఇంట్లో తెలిసిన సంగతే, కోసే రైతుకి ఇంకా బాగా తెలుసు. కానీ కమీషన్ కొట్టులో లేతకీ ముదురుకీ ఒకే కాటా, దాని మీద తరుగు. అలాంటప్పుడు బరువు తూగే ముదురు కాయని చెట్టు మీద ఒక రోజు అదనంగా ఉంచడమే రైతుకి లాభం. అందులో రైతు తప్పేముంది? మేం చేసిందల్లా లేత కాయకి వేరే ధర కట్టడం. షెడ్డులో నలుగురు ఆడవాళ్ళు కూర్చుని ప్రతి క్రేటులోంచి గుప్పెడు తీసి కొసలు విరుస్తారు. మొదటి నెల్లో సగం క్రేట్లు పక్కకి పోయేవి. మూడో నెలకి ఎవరి క్రేటు వాళ్ళే ఇంటి దగ్గర ఏరుకుని తేవడం మొదలుపెట్టారు. ఇదివరకు లంకలోని మావయ్య రాత్రి ఫోను చేస్తే "రేపు బెండ ఎంతకి పోద్ది అమ్మాయ్?" అనేవాడు. ఇప్పుడు "రేపు ఎంత కొయ్యమంటావు?" అంటున్నాడు.

అసలు ముడి మాత్రం డబ్బు దగ్గరుంది.

దళారీని తీసేస్తే రైతు బాగుపడతాడని నేనూ అనుకునేదాన్ని. దిగాక తెలిసింది, దళారీ రెండు పనులు చేస్తాడు. రైతుకి సాయంత్రానికో మర్నాటికో డబ్బు చేతిలో పెడతాడు, ఒక్కోసారి మొక్క నాటకముందే అడ్వాన్సు ఇస్తాడు. అవతల హోటలుకి నెలన్నర అరువు ఇస్తాడు. ఈ రెంటి మధ్య ఉన్న నలభై అయిదు రోజుల్ని తన డబ్బుతో మోస్తాడు. దానికి గట్టిగా వసూలు చేసుకుంటాడు, నిజమే. కానీ మనం వెళ్ళి అతన్ని పక్కకి జరగమంటే ఆ నలభై అయిదు రోజులు ఎక్కడికీ పోవు. మన నెత్తి మీదకి వస్తాయి.

లెక్క చెబుతాను. రోజుకి 40 వేల రూపాయల సరుకు పంపామనుకోండి. నలభై అయిదు రోజులకి 18 లక్షలు బయట ఉంటాయి. మేం సభ్యులం తలా పది వేలు వేసుకున్నది 6 లక్షల 20 వేలు. అది పదిహేను రోజులకి సరిపోతుంది, పదహారో రోజున రైతుకి ఇవ్వడానికి ఏమీ ఉండదు. మొదటి ఏడాది సరిగ్గా ఇదే జరిగింది. ఒక పెద్ద సంస్థ, పేరు రాయను, నలభై అయిదు రోజులని ఒప్పుకుని తొంభై దాటించింది. ఫోను చేస్తే బిల్లు ఒకరి దగ్గర, సంతకం ఇంకొకరి దగ్గర ఉందనేవాళ్ళు. ఇక్కడ మా పిన్ని కూతురు పెళ్ళి దగ్గర పడింది, పిన్ని బీరకాయల డబ్బు నేను ఇవ్వలేకపోయాను. ఆమె ఒక్క మాట అనలేదు. మర్నాడు కాయ మాత్రం కమీషన్ కొట్టుకి పంపింది. నాకు ఈ పనిలో అంత బాధ కలిగిన రోజు ఇంకోటి లేదు.

ఇప్పుడు ధర కంటే ముందు గడువు మాట్లాడతాను. పదిహేను రోజులు, అంతే. ఏడు రోజుల్లో ఇస్తే కూరగాయల మీద కేజీకి రెండు రూపాయలు తగ్గిస్తాం. ఇది విని వెళ్ళిపోయినవాళ్ళు ఉన్నారు, వాళ్ళలో మంచి పేరున్నవాళ్ళూ ఉన్నారు. ఉండిపోయినవాళ్ళకి సరుకు ఒక్కరోజు కూడా ఆపలేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేను చెప్పేది ఇదొక్కటే: మీ నిధి ఎన్ని రోజులు మోయగలదో ముందు కాగితం మీద వేసుకోండి, అన్ని రోజుల అరువుకే సరుకు ఒప్పుకోండి. రెండొందల కేజీలు మోయగలిగినప్పుడు రెండు టన్నుల ఆర్డరు పట్టుకోవడం గొప్ప కాదు.

ఐసు సంగతి కూడా చెప్పాలి. వేసవిలో కేజీ రొయ్యకి కేజీ ఐసు వేస్తాం. కింద ఒక పొర ఐసు, పైన రొయ్య, మళ్ళీ ఐసు. రాత్రి తొమ్మిదింటికి బండి కదిలితే పొద్దున్న ఆరింటికల్లా హైదరాబాదు. ఒక మే నెలలో బండి ఆరింటికే చేరింది. కానీ గేటు దగ్గర సరుకు దింపుకునేది తొమ్మిదింటికన్నారు. మూడు గంటలు ఎండలో నిలబెట్టి, తర్వాత థర్మామీటరు గుచ్చి 9 డిగ్రీలుందని 120 కేజీలు వెనక్కి పంపారు. వాళ్ళ నిబంధన 5 డిగ్రీలు. నిబంధన మంచిదే, అక్కడున్నప్పుడు నేనూ అలాగే గుచ్చేదాన్ని. కానీ ఆ నాలుగు డిగ్రీలు ఎవరి గేటు దగ్గర పెరిగాయి? ఇప్పుడు మా ప్రతి ఆర్డరు కాగితం మీద దింపుకునే వేళ రాయించుకుంటున్నాం. బండి వచ్చిన అరగంటలో డిగ్రీలు చూడాలి, ఆ తర్వాత పెరిగితే బాధ్యత వాళ్ళది. ఈ ఒక్క వాక్యానికి ఒప్పించడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. అన్నట్టు, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత) లైసెన్సు నంబరు బిల్లు మీద లేకపోతే అసలు గేటే తియ్యరు. అది ముందే తీసుకోండి.

2025లో రొయ్య రైతుల ఇళ్ళల్లో మాట్లాడుకున్నది ఒక్కటే, మన రొయ్య మీద అమెరికా వేసిన సుంకం. ఏప్రిల్లో ప్రకటన వచ్చిన వారంలోనే గట్టు మీద రేటు పడింది. ఆగస్టు 27 నుంచి 50 శాతం అయింది, పాత సుంకాలు దానికి అదనం. మనం పెంచే వనామీలో ఎక్కువ భాగం ఓడెక్కేదే. మన హాస్టల్లో పిల్లాడికి ఆదివారం చికెనే తప్ప రొయ్య తెలియదు. కోడిగుడ్డు రైతులు 1982లోనే నెక్ (జాతీయ కోడిగుడ్ల సమన్వయ కమిటీ) పెట్టుకున్నారు, బి.వి. రావు గారు ముందుండి నడిపించారు. ఈరోజు ఏ ఊళ్ళో గుడ్డు ధర ఎంతో అందరికీ తెలుసు. రొయ్యకి మా గట్టు మీద అలా కాదు. కొనే కంపెనీ ఏజెంటు చెప్పిందే ధర. నేను రోజుకి అమ్మే రొయ్య ఈ జిల్లా చెరువుల్లో చారెడు నీళ్ళంత కూడా కాదని నాకు తెలుసు. అయినా ఆ ఆగస్టు నుంచి రెండు హాస్టళ్ళు నెలకి రెండు ఆదివారాలు రొయ్య ఇగురు పెడుతున్నాయి. ఎనభై కౌంటు చిన్న రొయ్య ఇగురుకి బాగుంటుంది, చవక కూడా. మొదటి ఆదివారం నేనే వెళ్ళి వంట మనుషుల పక్కన నిలబడ్డాను. నీళ్ళు పోసి ఉడకబెట్టేస్తారేమోనని భయం. రొయ్య ఊరిన నీళ్ళే చాలు, మూత పెట్టి అవి ఇగిరేదాకా ఆగమన్నాను. పిల్లలు రెండోసారి వడ్డించుకోవడం కళ్ళారా చూశాను.

వంటింటివాళ్ళతో నేరుగా మాట్లాడటం మొదలయ్యాక చాలా తేలికైంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో మరబోట్ల వేట ఉండదు. పర్చేజ్ సెక్షనుకి ఆ సంగతి పట్టదు, వంజరం షీట్లో ఉంది కాబట్టి కావాలంటారు. చెఫ్‌కి చెబితే ఆ రెండు నెలలూ చెరువు పండుగప్ప పెట్టుకుంటాడు. గోదావరి పొంగి లంకలు మునిగినప్పుడు బీర, దొండ అడగొద్దని, ఆ వారాల్లో మెట్ట వైపు నుంచి వచ్చేవి ఇవీ అని జూన్లోనే రాసి పంపిస్తాను.

దసరా వెళ్ళింది. ఇంకో రెండు వారాల్లో కార్తీకం. రెస్టారెంట్లలో రొయ్య సగానికి సగం పడిపోతుంది, బాబాయి చెరువు సరిగ్గా అప్పుడే నలభై కౌంటుకి వస్తోంది. కేటరింగు వాళ్ళకి ఆ నెల్లో వనభోజనాల ఆర్డర్లుంటాయి. కంద, అరటికాయ, పనసపొట్టు, చిక్కుడు ఎంత కావాలో వాళ్ళని ఇవాళే అడగాలి. రొయ్యకి ఆసుపత్రి క్యాంటీను ఆవిడతో మాట్లాడాను, వారానికి అరవై కేజీలు చూస్తానన్నారు. మిగతా దానికి ఇంకా ఎవరూ దొరకలేదు.